‘స్టెరైల్ మోల్డ్’ అని రాసి వదిలేసిన పన్నెండు బూజులు

జూన్ 9

మా మైక్రోబయాలజీ ల్యాబ్ కల్చర్ రిజిస్టర్ తిరగేస్తుంటే నెలకు ఒకటో రెండో చోట్ల ఒకే మాట కనిపిస్తుంది, ‘నాన్ స్పోరులేటింగ్ మోల్డ్’. కొన్నిచోట్ల ‘స్టెరైల్ మోల్డ్’. చదివితే ఏదో రోగం పేరులా గంభీరంగా ఉంటుంది గానీ దాని అర్థం ఇంతే, బూజు అయితే మొలిచింది, అదేమిటో మాకు తెలియలేదు. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని కంటి డాక్టరు ఏం చేయాలి?

బూజును గుర్తుపట్టే పద్ధతి నాకు తెలిసి మా గురువుల గురువుల కాలం నుంచి ఒకటే. కాలనీ రంగు చూస్తాం, ప్లేటు తిప్పి అడుగు రంగు చూస్తాం, టేపు ముక్కతో పైన అద్ది లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తాం. ఆస్పర్‌జిల్లస్ అయితే కాడ చివర ఉబ్బిన తల, దాని మీద గొలుసులుగా బీజాలు. ఫ్యుజేరియం అయితే కొడవళ్ళలాంటి బీజాలు. గుర్తుపట్టేదంతా బీజాలను బట్టే. బీజమే వేయని బూజు వస్తే కనిపించేవి వట్టి దారాలు, ఇక అప్పుడు పని ఎలా ఉంటుందంటే నారుమడి చూసి అది ఏ రకం వరో చెప్పమన్నట్టు ఉంటుంది.

కిందటేడాది నుంచి అలాంటివి పన్నెండు మా టెక్నీషియన్ అన్న దాచిపెట్టాడు. ఫ్రిజ్‌లో చోటు లేక, కల్చర్ ముక్కలు స్టెరైల్ నీళ్ళున్న చిన్న సీసాల్లో వేసి చెక్క అలమరాలో పెట్టాడు. పాత పద్ధతే, కాస్టెల్లానీ పద్ధతి అంటారు, నీళ్ళలో తిండి లేక బూజు నిద్రపోయి ఏళ్ళు బతుకుతుంది. ఎనిమిది కంటి పుండ్ల నుంచి గీకినవి, రెండు సైనస్‌వి, ఒకటి కాలి పుండుది, ఒకటి కళ్ళెది. మేడమ్‌తో చెప్పాను, డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేసి చూద్దామని. "పైసలెవరిస్తరు?" అన్నారు. మళ్ళీ ఆవిడే, "చిన్నగా మొదలుపెట్టు, పన్నెండే కదా" అన్నారు. ఎథిక్స్ కమిటీ కాగితాలు అయ్యాయి, పేషెంట్ల పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చాం.

జూన్ 17

సీసాల్లోంచి తీసి, ఫంగస్ పెంచే సబరాడ్ ప్లేట్ల మీద వేశాం. పదకొండో నంబరు మొలవలేదు, చచ్చిపోయింది. అంటే మిగిలింది పదకొండు. ఎనిమిదో నంబరు ప్లేటు మీద సన్నని దారుల్లాంటి గీతలు, వాటి వెంట మధ్యమధ్య వేరే రంగు బూజు మొలకలు. అన్న లెన్స్ పెట్టి చూసి "మైట్స్ తమ్మీ" అన్నాడు. కంటికి కనపడీ కనపడని పురుగులు. ఒక ప్లేటులో తిని, కాళ్ళకు బీజాలు అంటించుకుని ఇంకో ప్లేటులోకి పోతాయి. వానాకాలం మొదలైందంటే ఫంగస్ ల్యాబుల్లో దీని బాధ ఉంటుంది. ఆ రోజంతా అలమరా ఖాళీ చేసి స్పిరిట్‌తో తుడవడంతోనే సరిపోయింది. ప్లేట్లన్నింటికీ పారాఫిల్మ్ చుట్టాం. ఎనిమిదిని మళ్ళీ శుద్ధి చేశాం, అయినా నాకు దాని మీద నమ్మకం లేదు.

జూన్ 28

డీఎన్‌ఏ తీయడం. బ్యాక్టీరియాను వేడి నీళ్ళలో ఉడికిస్తే చాలావాటిలో డీఎన్‌ఏ బయటికి వస్తుంది, బూజు అలా కాదు. దాని కణం గోడలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే, దానికి తోడు గ్లూకాన్లు. ఉడకబెడితే మెత్తబడుతుంది గానీ పగలదు. మంచి ల్యాబుల్లో గాజుపూసలతో గిరగిర ఊపే మెషీన్ ఉంటుంది. మా దగ్గర లేదు. రెండో దారి లిక్విడ్ నైట్రోజన్ పోసి కల్వంలో నూరడం, మైనస్ 196 డిగ్రీలకు గడ్డకట్టిన బూజు గాజులా పొడైపోతుంది.

లిక్విడ్ నైట్రోజన్ ఎక్కడ? హైదరాబాద్ నుంచి తెప్పిస్తే దారిలోనే సగం ఆవిరి. అన్నకే తట్టింది. వాళ్ళ ఊళ్ళో గోపాలమిత్ర దగ్గర బర్రెలకు సూది వేయడానికి వీర్యం స్ట్రాలు దాచే క్యాన్ ఉంటుంది కదా, అందులో ఉండేది అదే. బండి మీద పోయి, బతిమాలి, చిన్న ఫ్లాస్కుడు తెచ్చాం. "డాక్టర్ సాబ్, దీనితోని ఏం జేస్తరు?" అని ఆయన అడిగితే బూజు నూరుతామని చెప్పాం, నమ్మినట్టు లేదు.

కల్వం ముందు చల్లబరిచి, బ్రాత్ అనే ద్రవ ఆహారంలో పెంచిన బూజు ముద్దను ఫిల్టర్ పేపర్ మీద ఆర్చి వేసి నూరాం. నూరేటప్పుడు ఆ చప్పుడు పటిక నూరినట్టు ఉంది. తర్వాత డీఎన్‌ఏను విడదీసే సీటాబ్ బఫర్, 65 డిగ్రీల్లో గంట, క్లోరోఫామ్, ఐసోప్రొపనాల్, చల్లటి ఆల్కహాల్ కడుగు. చివర్లో ట్యూబు అడుగున తెల్లటి చుక్క కనపడాలి. పదింటిలో కనపడింది. నాలుగో నంబరులో మాత్రం చుక్క టీ డికాషన్ రంగులో ఉంది. అది కాలి పుండుది, నల్లమల వైపు నుంచి వచ్చిన కేసు, పుండులోంచి నల్ల గింజలు రాలేవట.

జూలై 5

మొదటి పీసీఆర్, అంటే డీఎన్‌ఏలో మనకు కావాల్సిన ముక్కను లక్షల కాపీలు చేయడం. కోవిడ్ టైంలో వచ్చిన ఆర్‌టీపీసీఆర్ మెషీన్‌నే మామూలు పీసీఆర్‌కు వాడుతున్నాం, డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ ట్యాంకు పక్క డిపార్ట్‌మెంట్‌ది.

ఏ భాగాన్ని చదవాలన్నది పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. రైబోజోమ్ జీన్లు దాదాపు ప్రతి ఫంగస్‌లో డజన్ల కాపీలుంటాయి, అందులో 18ఎస్, 28ఎస్ అనే జీన్ల మధ్యన, 5.8ఎస్‌కు అటూ ఇటూ ఉండే ఐటీఎస్ అనే ముక్క. అటువైపు ఇటువైపు జీన్లు అన్ని ఫంగస్‌లలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రైమర్లు, అంటే కాపీ మొదలయ్యే చోట పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఏ ఫంగస్‌లోనైనా అతుక్కుంటాయి, మధ్య ముక్క మాత్రం జాతి జాతికీ మారుతుంది. ఐటీఎస్1, ఐటీఎస్4 అనే ప్రైమర్లు 1990 నుంచీ ఉన్నవే, ఇప్పటికీ అవే వాడుతున్నారు. 2012లో ఐటీఎస్‌ను ఫంగస్‌లన్నింటికీ అధికారిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు.

95 డిగ్రీలు ఐదు నిమిషాలు, తర్వాత 94, 55, 72 చొప్పున 35 సైకిళ్ళు. జెల్ మీద పెట్టి చూస్తే దాదాపు అన్ని లేన్లలోనూ మెరుస్తున్న బ్యాండ్లు. ఒక్క నిమిషం సంబరం. ఆ తర్వాత చివరి లేన్ చూశాను. నెగటివ్ కంట్రోల్, అంటే డీఎన్‌ఏ వేయకుండా నీళ్ళు మాత్రమే వేసింది. అందులో కూడా బ్యాండ్.

ఇంక ఆ జెల్‌ను నమ్మడానికి లేదు. మొత్తం పారబోశాం. అన్నం కూడా సయించలేదు ఆ పూట.

ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే అనుమానం లేనిదేదీ కనపడలేదు. గాలిలో బీజాలు ఎప్పుడూ ఉంటాయి. మిక్స్ కలిపిన గదిలోనే ప్లేట్లు తెరిచాం. ఫ్యాను వేసుకున్నాం, ఉక్కపోస్తోందని. వైరస్ పీసీఆర్ చేసేవాళ్ళకు ఈ తలనొప్పి ఇంతలా ఉండదు, గదిలో గాలికి కరోనా జీన్ తేలుతూ రాదు కదా, బూజుకు మాత్రం గాలే బండి. ఆ నెగటివ్ బ్యాండ్‌ను మాత్రం దాచాను, తర్వాత సీక్వెన్సింగ్‌కు పంపిద్దామని. మేడమ్ "డబ్బు దండగ" అన్నారు. అయినా దొంగ ఎవరో తెలుసుకోవాలని ఉండదా?

జూలై 13

గదులు మార్చాం. మిక్స్ కలిపేది ఒక గదిలో, డీఎన్‌ఏ కలిపేది క్యాబినెట్‌లో, జెల్ నడిపేది మూడో చోట, జెల్ గది నుంచి మొదటి గదికి పిపెట్టు గానీ మనిషి గానీ ఆ రోజు వెనక్కి రాకూడదు. ఫ్యాన్లు బంద్. కొత్త నీళ్ళు, కొత్త టిప్పులు. అన్న ఇంకో పని చేశాడు, నాకు చెప్పకుండా రెండు ప్లేట్ల డీఎన్‌ఏ ‘ఎ’, ‘బి’ అని రాసి ఇచ్చాడు. అవేమిటో తనకు తెలుసు, నాకు తెలియదు. "నీ మెషీన్ జెప్పాలె, సూద్దం" అన్నాడు. నిజానికి ఏ కొత్త టెస్టు పెట్టినా ముందు చేయాల్సింది అదే.

ఈసారి నెగటివ్ ఖాళీగా ఉంది. దేవుడికి దండం.

నాలుగో నంబరు బ్యాండ్ రాలేదు. మిగతావన్నీ 500, 700 డీఎన్‌ఏ అక్షరాల పొడవు మధ్య. ఏడో నంబరు ఒక్కటి పైన ఉంది, 800 దాటి. జెల్ వంకరగా నడిచిందేమో అనుకున్నాం, చివరి లేన్లలో ఒక్కోసారి అలా అవుతుంది. కానీ ఏడు చివర్లో లేదు, నడిమధ్యలో ఉంది. నోట్‌బుక్‌లో ‘ఏడు, పైకి, ఎందుకు?’ అని రాసి వదిలేశాను.

జూలై 20

నాలుగోది లొంగింది. టీ డికాషన్ రంగు ఉన్నప్పుడే అర్థం కావాల్సింది, నల్ల ఫంగస్‌లలో మెలనిన్ ఉంటుంది, మన వెంట్రుకల్లో ఉండే రంగు కుటుంబమే, అది డీఎన్‌ఏతో పాటే వచ్చి పీసీఆర్ ఎంజైమ్‌ను పని చేయనివ్వదు. డీఎన్‌ఏ తక్కువైందనుకుని మొన్న నేను ఇంకా ఎక్కువ వేశాను, దాంతో మెలనిన్ కూడా ఎక్కువే పడింది. ఈసారి పదింతలు, వందింతలు పల్చన చేసి, కాస్త బీఎస్ఏ ప్రొటీన్ కలిపి పెట్టాం. వందింతలు పల్చన చేసినదానిలో బ్యాండ్ వచ్చింది.

అన్నీ శుద్ధి చేసి, రెండు వైపుల నుంచీ చదవమని రాసి, ఐస్ ప్యాక్‌లో పెట్టి హైదరాబాద్ కొరియర్ చేశాం. ఇక్కడే సీక్వెన్సర్ ఉంటే బాగుండేది అని ఎవరో అన్నారు. ఆ మెషీన్ ధరతో మా జిల్లాలో ఎన్ని ల్యాబులకు మంచి మైక్రోస్కోపులు వస్తాయో లెక్క వేసుకుంటే నాకైతే కొరియరే నయం.

ఆగస్టు 2

ఫైళ్ళు వచ్చాయి. సీక్వెన్స్ అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాల వరస అని అందరికీ తెలుసు, కానీ ఆ అక్షరాలు నేరుగా చదవకూడదన్న సంగతి చేస్తే గానీ తెలియలేదు. అక్షరాల కింద నాలుగు రంగుల శిఖరాలు ఉంటాయి, వాటిని చూడాలి. మొదటి ముప్ఫై నలభై అక్షరాలు గజిబిజి, చివర 700 దాటాక మళ్ళీ అలసిపోయినవాడి చేతిరాతలా కుంగిపోతుంది. ఒక్కో అక్షరాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పే ఫ్రెడ్ స్కోరు 20 అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం నూటికి ఒకటి, 30 అంటే వెయ్యికి ఒకటి. అటూ ఇటూ కత్తిరించి, రెండు వైపుల చదువులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, తేడా వచ్చిన చోట శిఖరం చూసి తీర్పు చెప్పాలి. ఒక్కోదానికి అరగంట పట్టింది.

ఎనిమిదో నంబరు మొదటి నుంచీ శిఖరం కింద శిఖరం. రెండు బూజులు కలిసి ఉన్నాయి. మైట్స్ పుణ్యం. దాన్ని పక్కన పెట్టేశాం.

ఆగస్టు 5

బ్లాస్ట్‌లో వేయడం. జెన్‌బ్యాంకు అనే అందరికీ తెరిచి ఉన్న డేటాబేస్‌లోని సీక్వెన్సులతో మనదాన్ని పోల్చి దగ్గరివి వరసగా చూపిస్తుంది. మొదటి వరసలో ఉన్న పేరు రాసుకుంటే పని అయిపోయిందని నేను అనుకున్నాను. అన్న ఇచ్చిన ‘ఎ’ వేశాను. నూటికి నూరు కలిసింది, పైన పేరు ఆస్పర్‌జిల్లస్ ఒరైజే.

అన్న పడీ పడీ నవ్వాడు. "అది ఫ్లేవస్ తమ్మీ. పసుపు పచ్చగ, గరుకుగ, నేను ఇరవై ఏండ్ల సంది జూస్తున్న." ఆయన మాటే నిజం. ఒరైజే అంటే జపాన్‌లో సోయా సాస్, సాకే తయారీకి తరతరాలుగా పెంచుకున్న బూజు, ఫ్లేవస్‌కు సాధు జంతువులాంటి చుట్టం. ఐటీఎస్ ముక్కలో ఆ రెండింటికీ తేడా లేదు. అడవి పందికీ ఊర పందికీ ఉన్న చుట్టరికమే. ఒరైజే అని రిపోర్టు ఇచ్చి ఉంటే డాక్టరు వెతుక్కుని ‘అది తినే వస్తువుల్లో వాడేది కదా’ అని పక్కన పెట్టేవాడు. ‘బి’ రైజోపస్ అర్రైజస్, సరిగ్గానే చెప్పింది. 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో మా అందరికీ కంఠతా వచ్చిన పేరు.

అక్కడి నుంచి నా పద్ధతి మారింది. మొదటి వరస చూడటం మానేసి మొదటి యాభై వరసలు చూస్తున్నాను. ఎంత శాతం కలిసిందన్నదాంతో పాటు మన సీక్వెన్స్‌లో ఎంత పొడవు కలిసిందన్నదీ చూడాలి, వంద అక్షరాల ముక్క నూటికి నూరు కలిస్తే ఏం లాభం. జెన్‌బ్యాంకులో ఎవరైనా ఏ పేరుతోనైనా వేయొచ్చు, తప్పు పేర్లతో ఉన్న ఫంగస్ సీక్వెన్సులు తక్కువేమీ కావు, ‘అన్‌కల్చర్డ్ ఫంగస్’ అని పేరు పెట్టి వదిలేసినవి అంతకన్నా ఎక్కువ. అందుకే టైప్ మెటీరియల్ నుంచి వచ్చినవే చూపించమని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అంటే ఆ జాతికి మొదట పేరు పెట్టినప్పుడు భద్రపరిచిన అసలు నమూనా నుంచి చదివినవి. ఐషామ్ అనే అంతర్జాతీయ వైద్య ఫంగస్ నిపుణుల సంఘం వాళ్ళ ఐటీఎస్ డేటాబేస్ మనుషుల్లో, పశువుల్లో రోగాలు తెచ్చే ఫంగస్‌ల కోసమే కట్టింది, అందులోనూ వేసి చూస్తున్నాను. ఈ రిపోర్టుల గురించి ల్యాబు ప్రమాణాలు రాసే సీఎల్ఎస్ఐ వాళ్ళ ఎంఎం18 అనే గైడ్‌లైన్ ఉంది, 2018లో రెండో ఎడిషన్ వచ్చింది, ఏ గ్రూపులో ఐటీఎస్ చాలుతుంది, ఎక్కడ ఇంకో జీన్ కావాలి అన్నదానికి అది దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఒకటి, ఐదు రెండూ ఫ్యుజేరియం సొలానీ కాంప్లెక్స్. కాంప్లెక్స్ అని ఎందుకంటే లోపల బోలెడు జాతులున్నాయి, ఐటీఎస్ అంతవరకే తేలుస్తుంది. దీన్ని ఇప్పుడు నియోకాస్మోస్పోరా అనాలని కొందరు, వద్దని కొందరు, ఆ తగువులో మనం దూరం. డాక్టరుకు ఫ్యుజేరియం అన్న మాట చాలు, ఎందుకంటే 2013లో వచ్చిన అరవింద్ కంటి ఆసుపత్రుల ట్రయల్‌లో ఫ్యుజేరియం పుండ్లకు వొరికొనజోల్ అనే ఫంగస్ మందు కంటే నాటమైసిన్ అనే మందు బాగా పనిచేసిందని స్పష్టంగా తేలింది.

రెండు, పది లాసియోడిప్లోడియా. రెండోది నకిరేకల్ దగ్గరి బత్తాయి రైతుది, కొమ్మలు కొట్టేటప్పుడు పుల్ల తగిలిందట. ఈ బూజు మామిడికాయ తొడిమ దగ్గర కుళ్ళు తెచ్చేది, బత్తాయి కొమ్మలు ఎండబెట్టేది. ప్లేటు మీద బూడిద రంగు దూదిలా మూత దాకా పెరిగి నల్లగా మారుతుంది, బీజం మాత్రం వేయదు. తోటలో చెట్టుకు చేసే పనే కంట్లో కూడా చేసింది.

ఆరో నంబరు చూసి నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. సైనస్‌లోంచి వచ్చిన తెల్లటి బూజు, స్కిజోఫిల్లమ్ కమ్యూన్. ఎండు కట్టెల మీద విసనకర్రల్లా మొలిచే చిన్న పుట్టగొడుగు. ముక్కులో పుట్టగొడుగా అని మేడమ్ నమ్మలేదు, మళ్ళీ స్లైడ్ చేసి చూస్తే దారాల మధ్య కీలు దగ్గర బుడిపెల్లాంటి క్లాంప్ కనెక్షన్లు ఉన్నాయి. ముందే ఉన్నాయి, మేమే చూడలేదు.

నాలుగోది మదురెల్లా మైసెటోమాటిస్, అంటే మదురా ఫుట్ తెచ్చేది, పంతొమ్మిదో శతాబ్దంలో మదురైలో చూసి రాసినందుకు ఆ పేరు. ఉత్త కాళ్ళతో నడిచేవాళ్ళకు ముల్లు గుచ్చుకుని వస్తుంది. మూడోది కర్వులేరియా. పన్నెండోది 93 శాతం దగ్గర ఆగింది, దానికి పేరు పెట్టకపోవడమే మర్యాద. నెగటివ్ కంట్రోల్‌లోని దొంగ క్లాడోస్పోరియం, బయట గాలిలో బాగా ఎక్కువగా తేలేవాటిలో ఒకటి. కిటికీలోంచే వచ్చింది, నా ఫ్యాను తెచ్చింది.

ఆగస్టు 6

ఏడో నంబరు.

నిన్న కావాలనే చివరికి ఉంచుకున్నాను, బ్యాండ్ పైకి ఉంది కదా అని. బ్లాస్ట్‌లో వేస్తే మొదటి పది పన్నెండు వరసలూ ఒకే పేరు, పిథియం ఇన్‌సిడియోసమ్, 99 శాతం, మొత్తం పొడవునా. టైప్ మెటీరియల్‌తో చూసినా అదే.

ఇది ఫంగస్ కాదు. చూడటానికి బూజు, మొలవడం బూజులా, సబరాడ్ మీద పలుచగా పాకుతుంది, కానీ వంశం వేరు, ఊమైసీట్ అంటారు, సముద్రపు గోధుమరంగు నాచులకు దగ్గరి చుట్టం. కణం గోడలో కైటిన్‌కు బదులు సెల్యులోజ్. మన ఫంగస్ మందులు చాలావరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు మీద పనిచేస్తాయి, నాటమైసిన్ దానికి అతుక్కునే పనిచేస్తుంది, పిథియం పొరలో ఆ సరుకు లేదు. ఎన్ని చుక్కలు వేసినా నీళ్ళే. బ్యాక్టీరియాకు వాడే లినెజోలిడ్, అజిత్రోమైసిన్ దీనికి వాడుతున్నారు.

విషయం ఏమిటంటే పిథియం అన్న పేరు మా నాయనకు నాకంటే ముందు తెలుసు. మిరప నారులో నారుకుళ్ళు తెగులు వస్తే మందుల షాపువాళ్ళు చెప్పేది ఆ పేరే, జాతి వేరు గానీ కుటుంబం అదే. మడిలో నీళ్ళు నిలిస్తే వస్తుందని ఆయన చెబుతుండేవాడు. కంట్లోకి వచ్చేదీ నిలిచిన నీళ్ళలోంచే.

రిజిస్టర్ తీసి చూశాను. మిర్యాలగూడ వైపు ఊరి ఆడమనిషి, నాట్లు వేస్తుంటే మడి నీళ్ళు కంట్లో చిందాయని రాసి ఉంది. కేఓహెచ్ మౌంట్‌లో, అంటే గీకిన ముక్కను క్షారం చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, వెడల్పాటి, రిబ్బన్ లాంటి, అడ్డు గోడలు పెద్దగా లేని దారాలు అని నా చేతిరాతే ఉంది. చూశాను, రాశాను, ఆ తర్వాత కింద ‘నాన్ స్పోరులేటింగ్ మోల్డ్’ అని సంతకం పెట్టాను.

ఆగస్టు 9

కంటి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయనకు ఆమె గుర్తుంది. నాటమైసిన్ గంటగంటకూ వేసినా పుండు పెరుగుతూనే పోయిందట, పదిహేను రోజుల తర్వాత హైదరాబాద్ పంపించారు, అక్కడ నల్లగుడ్డు మార్చారు. "ఇప్పుడు కంట్లో పువ్వు ఉంది గానీ కన్ను నిలిచింది" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "ఇంకోటి వస్తే ఎన్ని రోజుల్లో చెప్పగలవు?" అని అడిగారు.

నిజం చెప్పాను. కల్చర్ రెండు మూడు రోజులు, డీఎన్‌ఏ ఒక రోజు, కొరియర్, సీక్వెన్స్ అన్నీ కలిపి పది రోజులు. కంటి పుండుకు పది రోజులంటే చాలా ఎక్కువ. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 2015లోనే ఈ పిథియం పుండ్ల మీద పేపర్ రాశారు, గుర్తుపట్టడంలో సీక్వెన్సింగ్, జూస్పోర్లు ఎలా పనికొస్తాయో అందులో ఉంది. జూస్పోర్లు అంటే ఈదే బీజాలు. అవి కనపడితే కొరియర్ అక్కరలేదు, ల్యాబులోనే తేలిపోతుంది.

ఆగస్టు 25

రెండో విడత ప్రైమర్లు వచ్చాయి, ఫ్యుజేరియంకూ లాసియోడిప్లోడియాకూ టెఫ్1 అనే జీన్‌వి, తొమ్మిదో నంబరుకు బీటా ట్యూబులిన్ అనే జీన్‌వి. తొమ్మిదోది కళ్ళెలోంచి వచ్చిన తెల్ల ఆస్పర్‌జిల్లస్, ఐటీఎస్ దాన్ని ఫ్యుమిగేటస్ గుంపు అని చెప్పి ఊరుకుంది. ఆ గుంపులో లెంటులస్ అని ఒకటుంది, 2005లో వేరు చేశారు, బీజాలు సరిగా వేయదు, వొరికొనజోల్‌కు అంతగా లొంగదు. పేషెంటుకు తేడా పడే చోటు కాబట్టి ఖర్చు పెడుతున్నాం. ఫ్యుజేరియంవి మాత్రం నా కుతూహలం కోసం, మేడమ్‌కు తెలుసు, ఏమీ అనలేదు.

సెప్టెంబరు, చవితి తర్వాత మూడో రోజు

ఈదే బీజాల కోసం మూడుసార్లు ఓడిపోయాం. పద్ధతి చెప్పుకోవడానికి సులువు, గడ్డి ఆకు ముక్కలు ఉడికించి ఏడో నంబరు కాలనీ మీద పరచాలి, దారాలు ఆకులోకి పాకాక తీసి, లవణాలు కలిపిన నీళ్ళలో వేసి 37 డిగ్రీల్లో పెట్టాలి. మొదటిసారి పంపు నీళ్ళు మరిగించి వాడాం. నల్లగొండలో నీళ్ళ సంగతి తెలిసి కూడా ఆ పని చేశాం. రెండోసారి డిస్టిల్డ్ నీళ్ళు, ఆకులు మరీ ఉడికిపోయి చెదిరిపోయాయి. మూడోసారి ఏమీ రాలేదు, ఎందుకో తెలియదు.

ల్యాబులో వినాయకుడికి తెచ్చిన గరిక మిగిలింది. అన్న కడిగి, వేళ్ళంత ముక్కలు కోసి, ఐదు నిమిషాలు ఉడికించాడు. కాల్షియం, మెగ్నీషియం కొలిచి వేసిన నీళ్ళు ఈసారి నేను కలిపాను. గంట ఇరవై నిమిషాలకు గరిక అంచున దారం కొనకు ఒక బుడగ లేచింది. లోపల ఏదో కుతకుతమంటోంది. చూస్తూ చూస్తూ ఉండగా పగిలింది, చిన్నచిన్నవి చెల్లాచెదురుగా ఈదుకుంటూ పోయాయి. అన్నను పిలిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి పావుగంట కన్ను తీయలేదు. "చేపపిల్లల లెక్క ఉన్నయి" అన్నాడు.

ఇంకో సంగతి అప్పుడే తెలిసింది, ఇది చల్లదనానికి తట్టుకోదట. ఫ్రిజ్‌లో చోటు ఉండి ఉంటే అన్న దీన్ని అందులోనే పెట్టేవాడు, అలమరాలో పెట్టాడు కాబట్టి మొలిచింది.

సెప్టెంబరు 24

పొద్దున హాలియా వైపు నుంచి కంటి స్క్రేపింగ్ వచ్చింది, వరి మడిలో కలుపు తీస్తుంటే ఆకు గీసుకుందట, నాలుగు రోజులు. కేఓహెచ్‌లో రిబ్బన్ దారాలు, అడ్డు గోడలు ఎక్కడో ఒకటి. అయోడిన్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ రంగు కూడా వేశాం, మామూలు ఫంగస్‌ను పక్క స్లైడ్‌లో పెట్టి. పక్కది పసుపుగా ఉండిపోయింది, ఇది నీలంలోకి తిరిగింది.

డాక్టరుకు ఫోన్‌లో చెప్పాను, పిథియం కావచ్చు, ఖాయం కాదు, ఫంగస్ మందు ఒక్కదాని మీదే ఆగకండి అని. ఆయన లినెజోలిడ్ ఇవాళే మొదలుపెడతానన్నారు. రిపోర్టులో ‘పిథియం అనుమానం, కల్చర్, జూస్పోర్ పరీక్ష, ఐటీఎస్ సీక్వెన్స్ పెండింగ్’ అని రాశాను. ప్లేటు ఇంక్యుబేటర్‌లో ఉంది. గరిక తెల్లారి తెస్తానని అన్న ఇంటికి పోయాడు.